ఆస్పత్రి సిబ్బంది రక్తపోటుకు కేస్ షీటు ఏదీ?

జనానికి తెలియక బీపీ మందు మానేస్తున్నారని, తెలియజెబితే వాడతారని మన ఆరోగ్య శాఖల ప్రచారమంతా నమ్ముతుంది. ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో చూడటానికి మారుమూల తండాకు వెళ్లనక్కర్లేదు. పక్షవాతంతో వచ్చిన రోగిని మంచం మీదికి చేర్చి, 'మాత్ర ఆపకూడదమ్మా' అని ఇంటివారికి పదేపదే చెప్పే స్టాఫ్ నర్సులు, వార్డు బాయ్‌లు, ఆయాలలోనే ఎందరో తమ మాత్రను వారంలో రెండు మూడు రోజులు వదిలేస్తారన్నది ఆస్పత్రుల్లో పనిచేసేవారికి కొత్త సంగతి కాదు.

దేశంలో పరిస్థితి పాఠకులకు తెలిసిందే. 30 నుంచి 79 ఏళ్ల వారిలో దాదాపు 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని, అది అదుపులో ఉన్నవారు 15 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక చెప్పింది. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సక్రమంగా వాడేవారు సంపన్న దేశాల్లోనూ సగటున సగం మందేనని అదే సంస్థ 2003లోనే తేల్చింది.

చదువుకున్నవారు, ఫార్మసీకి నాలుగు అడుగుల దూరంలో ఉండేవారు మాత్ర వేసుకోకపోతే అది వారి నిర్లక్ష్యమేనని కొందరు సూపరింటెండెంట్లు అంటారు. వ్యక్తి బాధ్యతను కాదనలేం. కానీ తెలివి, మందు, బీపీ మిషను మూడూ చేతిలో ఉన్నవారే తప్పిపోతున్నప్పుడు నిందించవలసింది మనుషులను కాదు, వారి పనివేళలను.

చీటీ మీద 'ఉదయం టిఫిన్ తర్వాత' అని ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసిన నర్సు ఎనిమిది దాటాక వార్డు అప్పగించి, బస్సెక్కి ఇంటికి చేరి, తినీ తినకుండా నిద్రపోయి మధ్యాహ్నం లేస్తే ఆమెకు ఏది ఉదయం, ఏది టిఫిన్? ఆరోగ్యవంతుల్లో రక్తపోటు నిద్రలో పది నుంచి ఇరవై శాతం దాకా తగ్గుతుంది. మారుతుండే షిఫ్టుల వల్ల ఆ లయ తప్పుతుంది కాబట్టి మాత్ర అవసరం ఎక్కువైన వారాల్లోనే దానికి వేళ లేకుండా పోతోంది. మాత్ర ఉదయం వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం ముప్పులో తేడా లేదని బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అధ్యయనం 2022లో తేల్చింది. సిబ్బంది తమ డ్యూటీకి కుదిరే వేళను డాక్టరుతో కలిసి ఎంచుకోవచ్చన్న ఆ ఒక్క మాటను చీటీ రాసేవారు చెప్పడం లేదు. ఆపైన, గంటల తరబడి నిలబడే కాళ్లకు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర తెచ్చే వాపు తోడవుతుంది. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను వార్డు వదిలి కదలలేనివారు డ్యూటీ రోజున మానేస్తారు. రోగులను ఎత్తి దించిన నడుము నొప్పికి వేసుకునే డైక్లోఫినాక్ బీపీని ఇంకా పెంచుతుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం వరండా వైద్యం వల్ల జరుగుతోంది. ఆస్పత్రి సిబ్బంది ఓపీ చీటీ తీసుకుని వరుసలో కూర్చోరు. రౌండ్లు ముగించుకుని వెళుతున్న డాక్టరును ఆపి 'సార్, బీపీ నూట అరవై ఉంది' అంటారు, ఆయన నడుస్తూనే ఒక మందు పేరు చెబుతారు. ఆ నెల ఏ కంపెనీ శాంపిల్ దొరికితే ఆ మాత్ర, అది అయిపోతే మరొకటి. తల తిరిగితే సగం మాత్ర, బీపీ బాగుందనిపిస్తే విరామం, ఇదంతా తమకు తామే నిర్ణయించుకుంటారు. అటెనొలాల్ వంటి బీపీ మందును ఉన్నట్టుండి ఆపడం ప్రమాదమని రోగికి చెప్పగలిగినవారే అది తమకూ వర్తిస్తుందని అనుకోరు. కేస్ షీటు లేదు, గత నెల రీడింగు లేదు, తిరిగి రాకపోతే అడిగేవారు లేరు. వైద్యుల మధ్యనే తిరిగే ఈ మనిషి ఏ వైద్యుడికీ రోగి కాదు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. 2017 నవంబరులో అయిదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ తొలి విడతలోనే చేరింది. నమోదు, అందరికీ ఒకే చికిత్సా క్రమం, ఒకేసారి ముప్పై రోజుల మాత్రలు, రానివారికి ఫోను వంటి పనులను అది పట్టుకుంది. రానివారికి ఫోన్లు చేసే నర్సు పేరు కూడా ఆ నమోదు జాబితాలో ఉండాలి. ప్రతి ఆస్పత్రి తన సిబ్బందిని నమోదు చేసుకుని, నెల మాత్రలను డ్యూటీ రోస్టరుతో పాటే వార్డులో అందించాలి. ఆస్పత్రి నాణ్యతకు ఇచ్చే గుర్తింపు (అక్రెడిటేషన్) ఫైలు కోసం ఏటా జరిపే ఆరోగ్య పరీక్ష బీపీని కనిపెడుతుందే తప్ప మరుసటి నెల మాత్ర వేసుకున్నారా అని అడగదు.

అయితే ఈ జాబితాలో పారిశుద్ధ్య కార్మికులు ఉంటారా అన్నదే అసలు పరీక్ష. శానిటేషన్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ పనులను ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలకు అప్పగించినప్పటి నుంచి వారు ఆస్పత్రిలోనే ఉంటూ ఆస్పత్రికి ఏమీ కానివారయ్యారు. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లు ఈఎస్ఐ అనే కార్మిక బీమా కింద జీతంలో 0.75 శాతం కట్టవలసిందే, కానీ మాత్రల కోసం డిస్పెన్సరీకి వెళ్లిన పూట కూలి పోతుంది. ఓపీ గచ్చు తుడిచే ఆయా అదే ఓపీలో మాత్ర తీసుకోవడానికి ఒక రోజు జీతం వదులుకోవాలా? వచ్చే టెండరులోనే ప్రభుత్వాలు ఒక షరతు రాయాలి: కార్మికురాలి నెలవారీ బీపీ పరీక్షకు పట్టే సమయం డ్యూటీగానే లెక్కించాలి, ఆ పూట జీతం కోసిన ఏజెన్సీ బిల్లు ఆపాలి.