రెండు నిమిషాలేగా అంటే ఎలా సార్?

"రెండు నిమిషాలేగా తేడా, సర్దేసి రిపోర్ట్ పంపించెయ్యవయ్యా" అన్నారు మా పై ఆఫీసరు పొద్దున ఫోన్లో. అప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది.

రాత్రి మా సబ్‌స్టేషన్‌లో ఒక 220 కేవీ లైన్ ట్రిప్ అయింది. డీఆర్‌లు (ఫాల్ట్ సమయంలో కరెంట్, వోల్టేజ్ ఎలా ఉన్నాయో నమోదైన రికార్డులు) తీద్దామని ల్యాప్‌టాప్ పట్టుకుని, ఫాల్ట్‌ని పసిగట్టి బ్రేకర్‌ని తెరిపించే రిలేల ప్యానెల్ ముందు కూర్చున్నాను. ఒకే లైన్‌ని కాచే రిలేలు రెండు. మెయిన్-1 రిలేలో ట్రిప్ అయిన టైమ్ 3:12:41. పక్కనే ఉన్న మెయిన్-2లో 3:09:58. జరిగినవన్నీ వరసగా నమోదు చేసే ఈవెంట్ లాగర్‌లో 8:42:39. నేను చూస్తున్నప్పటికి ఇంకా ఐదు కూడా కాలేదు! స్టేషన్‌లో అన్నిటికీ టైమ్ ఇచ్చే జీపీఎస్ క్లాక్ నుంచి వచ్చేదే మన భారత కాలమానం. లాగర్ సెట్టింగ్‌లో ఎవరో దానికి మళ్లీ ఐదున్నర గంటలు కలిపి పెట్టారు. ఒకే గదిలో, ఒకే ఫాల్ట్‌కి మూడు టైమ్‌లు.

220 కేవీలో ఫాల్ట్ 160 మిల్లీసెకన్లలోపు తొలగిపోవాలి. రిలే పసిగట్టడం, లైన్ అవతలి చివర నుంచి క్యారియర్ సిగ్నల్ రావడం, బ్రేకర్ తెరుచుకోవడం, అన్నీ ఆ లోపలే జరిగిపోతాయి. మెయిన్-1కీ మెయిన్-2కీ మధ్య ఉన్న తేడాలో అలాంటి ఫాల్ట్‌లు వరసగా వెయ్యి పడతాయి. వాటిలో ఏది ముందు, ఏది వెనక అని నేనెలా చెప్పాలి? కరెంట్ ఒక్కసారిగా లేచిన చోటు చూసుకుని, ఒక వేవ్‌ఫామ్ మీదికి ఇంకోదాన్ని చేత్తో జరుపుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నాను. ఆయనకు అది 'సర్దెయ్యడం'.

వెలుతురు రాగానే డాబా ఎక్కాను. జీపీఎస్ యాంటెన్నా బాగానే ఉంది. కేబుల్ కనెక్టర్‌కి చుట్టిన టేప్ ఎండకు పెళుసెక్కి ఊడిపోయింది. మూత విప్పితే లోపల నీళ్లు, పిన్ చుట్టూ పచ్చటి చిలుము. కింద క్లాక్‌లో, ఉపగ్రహ సిగ్నల్ అందుతోందని చూపే 'లాక్' లైట్ ఎప్పుడు ఆరిపోయిందో ఎవరూ చూడలేదు. ఎందుకంటే రిజిస్టర్‌లో ఆ గడే లేదు. బ్యాటరీ వోల్టేజ్ రాస్తాం, ఆయిల్ టెంపరేచర్ రాస్తాం, టైమ్ సరిగ్గా ఉందా అన్నది రాయం.

మెయిన్-2 సంగతి ఇంకా ఘోరం. క్లాక్ నుంచి రిలేలకి టైమ్ మోసుకెళ్లే ఐరిగ్-బి కేబుల్ ఒక ప్యానెల్ నుంచి ఇంకో ప్యానెల్‌కి వెళ్తుంది. మధ్యలో ఒక రిలే మార్చడానికి వచ్చినవాళ్లు వైరు విప్పి, మళ్లీ బిగించకుండా వెళ్లిపోయారు. అక్కడి నుంచి అవతల రిలేలన్నీ వాటి లోపలి క్రిస్టల్ మీదే నడుస్తున్నాయి. క్రిస్టల్ పది లక్షల్లో ఇరవై వంతులు తప్పినా చాలు, నెలకి దాదాపు 52 సెకన్లు జరిగిపోతుంది. టెస్ట్ రిపోర్ట్‌లో మాత్రం 'టైమ్ సింక్: ఓకే' అని టిక్కు ఉంది. ఆ టిక్కు పెట్టినవాణ్ని ఒక్కసారి ఆ ప్యానెల్ ముందు నిలబెట్టాలని ఉంది.

2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంట్ పోయినప్పుడు, ఏ లైన్ ముందు పడిందో వరస పేర్చడానికి దర్యాప్తు బృందం నానా కష్టాలు పడింది. చాలా రికార్డర్ల గడియారాలు కలవలేదు మరి. అంతా అయ్యాక రికార్డర్లన్నిటికీ ఒకే టైమ్ ఉండాలని అక్కడ గట్టిగా చెప్పారు. మనం ఇప్పుడు మీటింగుల్లో డిజిటల్ సబ్‌స్టేషన్ అంటున్నాం. అందులో కరెంట్, వోల్టేజ్ శాంపిళ్లు నెట్‌వర్క్ మీదే వస్తాయి, సెకనుకి 4000. 50 హెర్ట్జ్‌లో ఒక్క మిల్లీసెకను తప్పితే ఫేజ్ కోణంలో 18 డిగ్రీల తేడా. ఇక్కడ డాబా మీద కనెక్టర్‌కి టేప్ చుట్టేవాడు లేడు, అక్కడ మైక్రోసెకన్ల మాటలు!

నా అసలు కోపం ఇవాళ్టిది కాదు. కొన్నేళ్ల కిందట వేరే స్టేషన్‌లో రాత్రి 2:15కి ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయింది. షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్ అన్న పద్ధతి ప్రకారం 2:16కి ఎల్‌వీ (తక్కువ వోల్టేజ్ వైపు) బ్రేకర్ తెరిచాడు. రిలే గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. అందులో ట్రిప్ 2:19 అని పడింది. కాగితం మీద చూస్తే ఆయన ముందు బ్రేకర్ తెరిచాడు, తర్వాతే ట్రిప్ అయింది. మెమో ఇచ్చారు. "నేను హారన్ విన్నాకే లేచాను సార్" అని అన్న ఎంత చెప్పినా ఒక్కరూ వినలేదు. రిలే అబద్ధం చెప్తుందా అన్నారు. ఆ గడియారం తప్పని నేను కనిపెట్టేసరికి ఏడాది దాటింది. రాసి ఇచ్చాను. మెమో వెనక్కి తీసుకోలేదు. అన్న దానితోనే రిటైర్ అయ్యాడు.

రాత్రి షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు లాగ్‌బుక్‌లో ట్రిప్ టైమ్ 3:13 అని రాశాడు, కంట్రోల్ రూమ్ గోడ గడియారం చూసి. 'ఆపరేటర్ ఆలస్యంగా గమనించాడు' అని ఒక లైను పెట్టమంటున్నారు. పెట్టను. మూడు టైమ్‌లూ ఉన్నవి ఉన్నట్టు రాసి, చిలుము పట్టిన కనెక్టర్ ఫొటో జతచేసి సంతకం పెట్టాను.