పెట్రోలు ట్యాంకు మూత గారికి విన్నపం

మహారాజశ్రీ పెట్రోలు ట్యాంకు మూత గారి సముఖమునకు,

న్యూజెర్సీ నుంచి తమ కారు యజమాని అనేక నమస్కారములు చేసి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ ఇంజన్ క్షేమం, గేరుబాక్సు క్షేమం, నాలుగు టైర్లూ క్షేమం. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ చెక్ ఇంజన్ దీపం మాత్రం ఆరడం లేదు. కారణం తమరేనని తేలింది. అది తేలడానికి జరిగిన తంతు తమ దృష్టికి తేవాలనే ఈ ఉత్తరం.

ఆ దీపానికి వచ్చిన భాష చంటిపిల్ల ఏడుపు. ఆకలైనా అదే, చీమ కుట్టినా అదే. ఇంజన్ పొగను శుభ్రం చేసే వేల డాలర్ల కేటలిటిక్ కన్వర్టర్ చచ్చినా వెలుగుతుంది, తమరు అలిగి అర చుట్టు వదులైనా వెలుగుతుంది. చూసినవాడి గుండె మాత్రం కన్వర్టర్ ధరకే జారుతుంది.

తమ హోదాను తక్కువ చేయడం లేదు. పెట్రోలు ఆవిరి గాలిలో కలిసి, ఎండ తగిలి, లాస్ ఏంజెలెస్ లాంటి ఊళ్లను కమ్మేస్తోందని 1970 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో, 1971 నుంచి దేశమంతటా దానికి కట్టడి పెట్టారు. ట్యాంకులో లేచిన ఆవిరిని ఒక బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది, తీరిక చూసుకుని ఇంజన్ దాన్ని లాగి కాల్చేస్తుంది. 1996 నుంచి ఈ కాపలా కారులోని కంప్యూటర్ చేతికి వెళ్లింది. మొదట మిల్లీమీటరు కంతను పట్టుకుంటే చాలన్నారు, తర్వాత అర మిల్లీమీటరుకు దించారు. ఇంత పెద్ద ఏర్పాటుకు ద్వారపాలకులు తమరు: అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బిరడా, దాని మెడకు ఒక రబ్బరు రింగు.

పోనీ, సరిగా బిగించలేదన్న నింద నేనే మోద్దామంటే ఈ రాష్ట్రంలో అదీ కుదరదు. న్యూజెర్సీలో 1949 నుంచి ఎవరి పెట్రోలు వారు పోసుకోవడం నిషేధం. 2023లో ఒరెగన్ కూడా పట్టు సడలించాక దేశంలో ఈ రాచమర్యాద మాకొక్కరికే మిగిలింది. బంకులో కుర్రాడు ఒక చేత్తో తమరిని తిప్పి, రెండో చేత్తో నా కార్డు తిరిగిచ్చి, అప్పటికే వెనక కారు వైపు నడుస్తుంటాడు. టిక్కుమనేదాకా తిప్పవయ్యా అని అద్దం దించి చెబుదామంటే, చలిలో నిలబడి పనిచేసేవాడికి పాఠం చెప్పడానికి నోరు రాదు. చెప్పకపోతే దీపం.

సర్వీసు సెంటరుకు వెళ్తే రోగనిర్ణయానికి ఒక రుసుము, ట్యాంకులోకి పొగ ఊది చూడటానికి ఇంకొకటి, బొగ్గు డబ్బాలోని ఆవిరిని ఇంజన్‌కు వదిలే పర్జ్ వాల్వ్ పోయి ఉండొచ్చని ముందుజాగ్రత్తగా మరో అంచనా. ఆ కాగితాల్లో ఎక్కడా తమ ప్రస్తావన లేదు. పాతిక డాలర్లు కూడా చేయని సరుకును అనుమానిస్తే వారికి గిట్టుబాటు కావద్దూ! చివరికి విడిభాగాల దుకాణంలో చిన్న యంత్రం తగిలించి, పైసా పుచ్చుకోకుండా కోడ్ చదివిపెట్టారు: పి0457. మూత వదులుగానైనా ఉంది, అసలు లేకుండానైనా పోయింది అని దాని అర్థం. పి0455 అయితే పెద్ద లీకు, పి0456 అయితే అతి చిన్న లీకు. అవి వచ్చినా ముందు నిలదీయాల్సింది తమరినే.

అప్పుడు తమరిని విప్పి వెలుతురులో చూశాను. రబ్బరు రింగు ఒక పక్క అణిగి చదునైపోయింది. గోటితో కాస్త వంచితే సన్నని పగులు నోరు తెరిచింది. శీతకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు పుణ్యమా అని గొట్టం అంచున తుప్పు. పాత గుడ్డతో తుడిస్తే గుడ్డ మీద గోధుమరంగు వలయం పడింది. తిరిగి బిగిస్తే తమరు ఎంత తిప్పితే అంత తిరిగారు, టిక్కు మాత్రం లేదు. ఫోర్డ్ వారు 2008 మోడళ్లలోనే మూత అక్కర్లేని గొట్టాలు పెట్టారన్న సంగతి అప్పుడే తమ చెవిన వేశాను. బెదిరింపు కాదు, సమాచారం.

అన్ని కార్లకూ సరిపోతానని అట్ట మీద రాసుకున్న మూతను నమ్మలేదు. మరలో కూర్చోవడం వేరు, ఆవిరిని ఆపడం వేరు. కారు ఏ సంవత్సరానిదో, ఏ మోడలో చెప్పి, కంపెనీ సరుకే తెప్పించాను. కొత్తవారు మూడుసార్లు టిక్కుమని కొలువుదీరారు.

దీపం ఆరలేదు. కంప్యూటర్ తనంతట తాను లీకు పరీక్ష జరిపి, వరసగా కొన్ని ప్రయాణాల్లో తప్పు కనబడకపోతేనే ఆర్పుతుందట. ఆ పరీక్షకు ముహూర్తం కుదరాలి. కారు రాత్రంతా కదలకుండా చల్లబడాలి, ట్యాంకు నిండుగా ఉండకూడదు, అడుగంటనూ కూడదు. యంత్రంతో కోడ్ చెరిపేస్తే దీపం ఆ క్షణమే ఆరుతుంది కానీ, పరీక్షల రికార్డు కూడా దానితోపాటే తుడిచిపెట్టుకుపోతుంది. వెంటనే ప్రభుత్వం వారి ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తే కారు ఇంకా సిద్ధం కాలేదని వెనక్కి పంపుతారు. దీపంతో వెళ్లినా ఫెయిలే.

నా ఇన్‌స్పెక్షన్ గడువు ఈ నెలాఖరు. ట్యాంకు చూస్తే నిన్ననే బంకు కుర్రాడు అంచుదాకా నింపాడు. కాబట్టి పెట్రోలు ఆవిరి ఇసుమంతైనా గాలిలో కలవడం లేదని ప్రభుత్వానికి రుజువు చేయడానికి, రేపు ఏ పనీ లేకపోయినా టర్న్‌పైక్ ఎక్కి పావు ట్యాంకు పెట్రోలు కాల్చి రావాలి. టోలు అదనం.

ఇట్లు,
తమ మాజీ విధేయుడు