తీగ లాగలేని ఇంట్లో కెమెరా: ‘అతికిస్తే చాలు’ అన్న మాటలో నిజమెంత?

ఇంటికి నిఘా కెమెరాలు పెట్టించుకోవాలనుకునే వారి మధ్య ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: గోడలు తొలిచి నెట్‌వర్క్ కేబుల్ లాగే కాలం పోయింది, వైర్‌లెస్ కెమెరా కొని గోడకు అతికిస్తే తీగ అన్నదే అక్కర్లేదు, సిగ్నల్ అందని చోట ఒక బూస్టర్ పెడితే సరిపోతుంది, బ్యాటరీ కెమెరా అయితే కరెంటు పోయినా రోజంతా రికార్డు చేస్తూనే ఉంటుంది, దృశ్యాలన్నీ క్లౌడ్‌లో ఉంటాయి కాబట్టి దొంగ కెమెరాను ఎత్తుకుపోయినా భయం లేదు, మెగాపిక్సెళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది, పది నిమిషాల్లో పని ముగించి ఇక దాని సంగతి మరచిపోవచ్చు. ఈ మాటల్లో దాదాపు ప్రతిదానిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని నమ్ముకుని కెమెరాలు బిగించుకున్నవారికి లోపం వెంటనే తెలియదు. ఏదో జరిగి, ఆ రాత్రి దృశ్యం కోసం వెతికినప్పుడు తెలుస్తుంది. అందుకే ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించవలసి ఉంది.

కేబుల్ లాగడం కుదరని ఇళ్లు నిజంగానే ఉన్నాయని ముందుగా ఒప్పుకుంటున్నాను. అద్దె ఇంట్లో గోడ తొలవనివ్వరు. మూరెడు మందం రాతి గోడలున్న పాత ఇంట్లో తొలవడమే పెద్ద పని. ఇంటికి దూరంగా విడిగా ఉన్న షెడ్డుకు కేబుల్ వేయాలంటే నేల తవ్వాలి. అటువంటి చోట కూడా కేబులే వేయాలని నేను అనడం లేదు. కెమెరాకు మూడు అవసరాలు ఉంటాయి: కరెంటు, దృశ్యాన్ని చేరవేసే దారి, దాన్ని దాచే చోటు. పీవోఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) పద్ధతిలో నెట్‌వర్క్ కేబుల్ మొదటి రెండింటినీ ఒకే తీగలో తీరుస్తుంది. 2003లో వెలువడిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం, నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె ఒక్కొక్క కేబుల్‌లోకి 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, ఆ కేబుల్ 100 మీటర్ల వరకు వెళ్లవచ్చు. ఆ కేబుల్‌ను వదులుకున్నప్పుడు ఆ రెండు అవసరాలూ మాయం కావు. వాటిని విడివిడిగా తీర్చుకోవలసిన బాధ్యత మన మీద పడుతుంది. ఆ సందేశం చెప్పకుండా దాటవేసిన విషయం ఇదే.

మొదటి మాట తీగే అక్కర్లేదన్నది. ‘వైర్‌లెస్’ అన్న పేరు దృశ్యం వెళ్లే దారికి మాత్రమే వర్తిస్తుంది. బ్యాటరీ లేని ప్రతి వైర్‌లెస్ కెమెరాకూ పగలూ రాత్రీ కరెంటు అందుతూనే ఉండాలి. మా ఇంటి పెరటి గోడకు కెమెరా బిగించినప్పుడు నేను అడాప్టర్‌ను ఇంట్లోనే ఉంచి, పది మీటర్ల సన్నటి యూఎస్‌బీ తీగను కిటికీ సందులోంచి బయటికి తీశాను. పగలంతా అది నిక్షేపంగా పనిచేసింది. చీకటి పడ్డాక మాత్రం కొన్ని నిమిషాలకొకసారి ఆగిపోయి, దానంతటదే మళ్లీ మొదలయ్యేది. తప్పు వైఫైదే అనుకుని వారం రోజుల పాటు రౌటర్‌ను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. చివరికి కెమెరా వైపు ఉన్న తీగ కొసను మల్టీమీటర్‌తో కొలిస్తే కారణం బయటపడింది. చీకట్లో కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే అది లాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. 28 గేజీ రాగి తీగ పది మీటర్లు వెళ్లి పది మీటర్లు తిరిగి వచ్చేసరికి దాని నిరోధం నాలుగు ఓములు దాటుతుంది. అందులో అర ఆంపియరు ప్రవహిస్తే 5 వోల్టుల్లో 2 వోల్టులకు పైగా తీగలోనే హరించుకుపోయి కెమెరాకు 3 వోల్టులైనా మిగలవు. పగటి పూట పనిచేసి రాత్రి తడబడే కెమెరా ఎదురైతే వైఫైని నిందించే ముందు ఈ కొలత ఒకటి తీసుకోవడం మంచిది. దూరం ఎక్కువైన చోట 12 వోల్టుల కెమెరాను, కాస్త లావు తీగను ఎంచుకోవాలి. అంతే శక్తికి ప్రవహించే కరెంటు సగానికన్నా తక్కువ కాబట్టి నష్టమూ ఆ మేరకు తగ్గుతుంది. తీగ గోడలోకి దూరే చోట దాన్ని ముందుగా కొంచెం కిందికి వంచి పైకి తీసుకుంటే, వాన నీరు తీగ వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా జారిపోతుంది.

రెండో మాట బూస్టర్ గురించినది. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ మాట వల్లనే అని నా అభిప్రాయం. బూస్టర్ అని పిలిచే రిపీటర్ సిగ్నల్‌ను సృష్టించదు. తనకు అందినదాన్ని విని మళ్లీ పలుకుతుంది. సిగ్నల్ చచ్చిపోయిన మూలలో దాన్ని పెడితే, అది వినేదే సరిగా ఉండదు గనుక పలికేదీ సరిగా ఉండదు. రౌటర్‌కూ కెమెరాకూ నడుమ, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట పెట్టినప్పుడే దానివల్ల ఉపయోగం. అప్పుడు కూడా ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి సమాచారాన్నీ ఒకసారి విని మరొకసారి పంపాలి, రెండు పనులూ ఒకే చానల్‌లో జరగాలి, కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రౌటర్‌తో మాట్లాడడానికి వేరే రేడియో ఉన్న మెష్ పరికరాలకు (ఇంట్లో అక్కడక్కడ పెడితే ఒకే వైఫైగా కలిసి పనిచేసేవాటికి) ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు.

కొనే ముందే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. ఫోన్‌లో వైఫై సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపే యాప్ వేసుకుని, కెమెరా బిగించదలచిన చోట, అంతే ఎత్తులో, తలుపులన్నీ మూసి ఫోన్‌ను కాసేపు పట్టుకుని చూడాలి. మైనస్ 60 అంటే హాయిగా పనిచేస్తుంది. మైనస్ 67 దాకా ఫరవాలేదు. మైనస్ 75 దాటితే చిత్రం ఆగి ఆగి వస్తుంది. ఈ అంకెల్లో పది తగ్గితే అందే శక్తి పదో వంతుకు పడిపోతుందని, మైనస్ 60కీ మైనస్ 80కీ మధ్య తేడా నూరు రెట్లని గుర్తుంచుకోవాలి. ఫోన్‌లో నాలుగు గీతలు కనిపించాయి కదా అని తృప్తిపడితే చాలదు, ఎందుకంటే మనం సినిమా చూసేటప్పుడు సమాచారం రౌటర్ నుంచి ఫోన్‌కు వస్తుంది, కెమెరా విషయంలో అది ఎదురు దిశలో, చిన్న యాంటెన్నా ఉన్న కెమెరా నుంచి రౌటర్‌కు వెళ్లాలి. రౌటర్ మాట కెమెరాకు వినబడుతున్నంత మాత్రాన కెమెరా మాట రౌటర్‌కు వినబడుతున్నట్టు కాదు.

సాధారణ 1080పీ కెమెరా సెకనుకు 2 నుంచి 4 మెగాబిట్లు పంపుతుంది. రౌటర్ పెట్టె మీద వందల మెగాబిట్లు రాసి ఉన్నప్పుడు నాలుగు కెమెరాలు దానికి లెక్కా అనిపిస్తుంది. కానీ వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. దూరాన ఉన్న కెమెరా నిదానంగా, పదేపదే చెబుతూ మాట్లాడుతుంది కాబట్టి అది తన వంతుకు మించి సమయం తినేసి, దగ్గరలో ఉన్న మంచి కెమెరాలను కూడా కాచుకునేలా చేస్తుంది. దానికి తోడు వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ పట్టీలో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అనే మూడే ఉన్నాయి; ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటిమీదే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువే గాని, గోడ దాటేసరికి అది మరింత నీరసిస్తుంది. ఒక్క కెమెరా పెట్టి చూసి బాగుందని సంతోషించినవారు నాలుగు పెట్టేసరికి, గేటు దగ్గర కనిపించిన మనిషి మరుక్షణం తలుపు దగ్గర తేలుతున్నాడని ఫిర్యాదు చేయడానికి కారణం ఇదే: నడుమ నాలుగడుగుల దృశ్యం గాలిలోనే పోయింది.

ఇక్కడ ఆ సందేశం అసలు ప్రస్తావించని దారులు మూడున్నాయి. ఇంట్లో ఎప్పుడో టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్ గోడల్లో ఉండిపోయి ఉంటే, మోకా అడాప్టర్ల జతతో దానిమీదే నెట్‌వర్క్ నడపవచ్చు, 2.5 వెర్షన్ ప్రమాణంలో గరిష్ఠ వేగం 2.5 గిగాబిట్లు, అది కెమెరాలకు అవసరమైనదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే అదే కేబుల్ మీద డిష్ యాంటెన్నా సిగ్నల్ కూడా వస్తుంటే రెండింటి ఫ్రీక్వెన్సీలు ఢీకొంటాయి. రెండోది పవర్‌లైన్ అడాప్టర్: ఇంటి కరెంటు తీగల్లోనే సమాచారం పంపుతుంది. పెట్టె మీద రాసిన వేగం దీనిలో ఎన్నడూ అందదు. రెండు ప్లగ్గులూ వేర్వేరు ఫేజుల మీద ఉన్నా, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చినా మరీ మందగిస్తుంది. కనుక గోడ ప్లగ్గులోనే నేరుగా గుచ్చి, ఇంట్లో పెద్ద మోటార్లు నడిచే వేళ పరీక్షించి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే వీలు చూసుకుని కొనాలి. మూడోది విడిగా ఉన్న షెడ్డుకో గేటుకో సరిపోయేది: 5 గిగాహెర్ట్జ్ మీద ఎదురెదురుగా చూసుకునే రెండు బ్రిడ్జ్ యాంటెన్నాలు. వీటి మధ్య చెట్టుకొమ్మ కూడా అడ్డు లేకుండా ఉంటే వందల మీటర్ల దూరాన్ని అవలీలగా దాటుతాయి. అవతలి కొసన చిన్న పీవోఈ స్విచ్ పెట్టి, అక్కడి కెమెరాలను మామూలు కేబుల్‌తోనే కలుపుకోవచ్చు. మొత్తం దూరానికి తీగ వేయలేకపోయినా చివరి పది మీటర్లకు వేయగలమన్న సంగతిని చాలామంది ఆలోచించరు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

బ్యాటరీ కెమెరా రోజంతా రికార్డు చేస్తుందన్నది చాలా మోడళ్ల విషయంలో సరైనది కాదు. నెలల తరబడి చార్జింగ్ నిలవాలంటే కెమెరా ఎక్కువ సమయం నిద్రలోనే ఉండాలి; వేడిలో మార్పును పసిగట్టే పీఐఆర్ సెన్సార్ ఒకటే మెలకువగా ఉండి, ఎవరైనా కదిలినప్పుడు కెమెరాను లేపుతుంది. లేచి రికార్డు మొదలుపెట్టేలోగా మనిషి రెండడుగులు వేసేస్తాడు. పైగా ఈ సెన్సార్ తన ముందు అడ్డంగా నడిచేవారిని బాగా గుర్తిస్తుంది గాని, నేరుగా తనవైపు వచ్చేవారిని ఆలస్యంగా గుర్తిస్తుంది. పరిసరాల వేడి ఒంటి వేడికి దగ్గరయ్యే మండుటెండలో మరింత తడబడుతుంది. దారికి ఎదురుగా కాక, దారి అడ్డంగా కనబడేలా పక్కనుంచి బిగిస్తే ఫలితం మెరుగవుతుంది. కిటికీ అద్దం లోపల పెట్టడం మాత్రం పనికిరాదు: ఒంటి వేడి అద్దాన్ని దాటి సెన్సార్‌కు చేరదు, రాత్రి వేళ కెమెరా దీపాల వెలుగు అద్దం మీదే పడి తిరిగి కెమెరా కళ్లనే కమ్మేస్తుంది.

క్లౌడ్ భద్రమన్న మాట నెట్ ఉన్నంతసేపే నిజం. కరెంటు పోగానే రౌటర్ ఆగుతుంది, రౌటర్ ఆగగానే క్లౌడ్‌కు దారి మూసుకుపోతుంది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టకుండా బ్యాటరీ కెమెరా కొన్నవారు సగం పనే చేసినట్టు. ఆపకుండా పంపే కెమెరా అయితే లెక్క ఇంకా బరువెక్కుతుంది: సెకనుకు 4 మెగాబిట్లంటే రోజుకు 43 గిగాబైట్లు, నాలుగు కెమెరాలకు 170 దాటుతుంది, డౌన్‌లోడ్ వేగం కన్నా అప్‌లోడ్ వేగం బాగా తక్కువగా ఉండే కనెక్షన్ల మీద ఈ బరువు మోయడం కష్టం. మెమరీ కార్డు కెమెరాలోనే ఉండాలి, ఇంటి లోపల కంటబడని చోట ఒక ఎన్‌వీఆర్ రికార్డర్ ఉండాలి, కదలిక ఉన్న ముక్కలు మాత్రమే క్లౌడ్‌కు వెళ్లాలి. ఈ మూడూ ఒకదానికొకటి తోడుగా ఉన్నప్పుడు కెమెరా పోయినా, నెట్ పోయినా ఏదో ఒక ప్రతి మిగులుతుంది. అవిరామంగా రాసే పనికి మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది. నిఘా కెమెరాల కోసమే చేసిన, ఎక్కువ కాలం మన్నే రకం తీసుకోవాలి.

మెగాపిక్సెళ్ల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. ముక్కూముఖం తెలియని మనిషిని సందేహం లేకుండా గుర్తించాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలని నిఘా కెమెరాలకు సంబంధించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 62676-4, 2015 నాటి కూర్పులో చెప్పింది. 1080పీ చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు, అంటే దాదాపు ఏడున్నర మీటర్ల వెడల్పు దృశ్యం దాకా అది చాలు. గేటునో తలుపునో సూటిగా చూసే కెమెరాకు అంతకు మించి అక్కర్లేదు. 4కే కెమెరా పెడితే బలహీనమైన వైఫై మీద బరువు రెట్టింపుకు మించి పెరుగుతుంది; ఆగి ఆగి వచ్చే 4కే చిత్రం కన్నా నిలకడగా వచ్చే 1080పీ చిత్రమే పనికివస్తుంది.

బిగించి మరచిపోవచ్చన్న చివరి మాటను మాత్రం పూర్తిగా తోసిపుచ్చవలసిందే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో వశపరచుకుంది. అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను వాటి నెట్ చిరునామాలకు కలిపే డైన్ సంస్థ మీద దాడిలో వాటినే వాడి, ఎన్నో పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి అందకుండా చేశారు. పాస్‌వర్డు మార్చాలి, కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, తాజాగా ఉంచాలి, కెమెరాలకు వీలైతే వేరే వైఫై పేరు కేటాయించాలి. బయటివారు నకిలీ సంకేతాలు పంపి కెమెరాను వైఫై నుంచి తెంచివేసే దాడి ఒకటి ఉంది. దాన్ని అడ్డుకునే రక్షణ డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా ప్రమాణంలో తప్పనిసరి, రౌటర్‌లోనూ కెమెరాలోనూ అది ఉంటే వాడుకోవాలి. ఇక పది నిమిషాల్లో పని పూర్తవుతుందన్నారు కదా, ఆ పది నిమిషాలను బిగించిన తరువాత ఈ పరీక్షకు వెచ్చించాలి: చీకటి పడ్డాక కెమెరాలన్నీ నడుస్తుండగా రౌటర్ ప్లగ్గును ఊడదీసి, గేటు నుంచి తలుపు దాకా మామూలు వేగంతో ఒకసారి నడిచి, ప్లగ్గును మళ్లీ పెట్టి, ఆ నడక మొదటి అడుగు నుంచి చివరి అడుగు వరకు కార్డులో ఉందో లేదో, దాని మీద పడిన టైము సరైనదో కాదో కూర్చుని చూసుకోవాలి.