బడి ఆరోగ్యం గురించి పిల్లల్నే అడగండి

ఏటా బడుల వివరాలు కేంద్ర విద్యాశాఖకు పంపే యూడైస్ ప్లస్ పత్రం నింపే రోజులు వచ్చాయంటే నాకు కోపం ఆగదు. 14 లక్షలకు పైగా బడుల నుంచి, సుమారు 25 కోట్ల మంది పిల్లల వివరాలు సేకరించే యంత్రాంగం మనది. బాలికలకు మరుగుదొడ్డి ఉందా, పనిచేస్తోందా, నీళ్లున్నాయా, వైద్య పరీక్షలు జరిగాయా, ఐరన్ మాత్రలు ఇచ్చారా అని అన్నీ అడుగుతారు. జవాబు రాసేది మాత్రం ప్రధానోపాధ్యాయులు. ఆ మాత్ర మింగాల్సిన పిల్ల, ఆ మరుగుదొడ్డికి వెళ్లాల్సిన పిల్ల ఏమంటుందో రాయడానికి అందులో ఒక్క గడి కూడా లేదు.

ఇలా రాసుకున్న లెక్కల గతి ఏమిటో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఎప్పుడో చూపించింది. 2014లో ప్రకటించిన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం కింద ప్రభుత్వ రంగ సంస్థలు బడుల్లో మరుగుదొడ్లు కట్టాయి. కాగ్ బృందాలు 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లను స్వయంగా వెళ్లి చూశాయి. కట్టేశామని చెప్పిన వాటిలో 200 అసలు లేనే లేవు. కట్టిన వాటిలో 72 శాతానికి లోపల నీటి సరఫరా లేదు, 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే వీలు లేదు, 30 శాతం వాడకంలోనే లేవు. ఈ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకు వచ్చింది. రెండు రోజులు వార్తల్లో నలిగింది, అంతే.

నేను పనిచేసిన ఒక బడిలో బాలికల మరుగుదొడ్డికి తాళం ఉండేది. శుభ్రం చేసే మనిషి లేక, పాడవుతుందని వేసిన తాళం. తాళంచెవి స్టాఫ్ రూములో మేకుకు వేలాడేది. మగ ఉపాధ్యాయులు కూర్చున్న గదిలోకి వచ్చి ఆ తాళంచెవి అడగడం ఎనిమిదో తరగతి అమ్మాయికి ఎంత కష్టమో ఆలోచించండి. వాళ్లు అడగడం మానేసి, పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేశారు. నెలసరి రోజుల్లో బడికే వచ్చేవారు కాదు. పత్రంలో మాత్రం మరుగుదొడ్డి ఉంది, పనిచేస్తోంది, నీళ్లున్నాయి. మూడూ నిజమే!

ఐరన్ మాత్రల సంగతి ఇంకా బాధాకరం. 2013 నుంచి ఆరు మొదలు పన్నెండు తరగతుల పిల్లలకు వారానికొక నీలం మాత్ర ఇచ్చే పథకం నడుస్తోంది. అయినా 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 54 శాతం ఉంటే, 2019–21 నాటికి 59 శాతానికి చేరింది. ఇందుకు ఇంటి తిండి సహా ఎన్నో కారణాలు ఉంటాయి. కానీ తరగతి గదిలో జరిగేది మన కళ్ల ముందే కదా! సరిగా తినకుండా మాత్ర మింగితే కడుపులో తిప్పుతుంది. మలం నల్లగా వస్తుంది. అది మామూలేనని ముందుగా ఎవరూ చెప్పకపోతే పిల్ల బెదిరిపోతుంది. మరుసటి వారం మాత్రను బుగ్గన పెట్టుకుని, ప్రహరీ వెనక్కి వెళ్లి ఉమ్మేస్తుంది. రిజిస్టరులో ఆ మాత్రకూ టిక్కు పడుతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికొచ్చి పిల్లలను పరీక్షించడం మంచి పని, ఆ సిబ్బంది శ్రమను తక్కువ చేయను. అయితే పెద్దాసుపత్రికి రాసిచ్చిన చీటీ పట్టుకుని పిల్లవాడి తల్లి ఒక రోజు కూలి వదులుకుని వెళ్లగలిగిందా, పిల్లవాడికి కళ్లద్దాలు వచ్చాయా అన్నది కదా అసలు లెక్క?

పిల్లల్ని అడగడం మనకు చేతకాని పనేమీ కాదు. 2007లో సీబీఎస్ఈ బడుల్లో విద్యార్థుల ఆరోగ్య సర్వే జరిగింది. 2019లో 13–15 ఏళ్ల పిల్లలనే అడిగి పొగాకు సర్వే చేశారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 3.79 లక్షల మంది విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై నివేదిక ఇచ్చింది. ఇలా ఎప్పుడో ఒకసారి చేసి వదిలేయడం దేనికి?

ప్రతి మండలంలో కొన్ని బడులనైనా ఎంచుకోండి. ఆ బడికి సంబంధం లేని వాళ్లను పంపి, పేరు రాయనక్కర్లేని పత్రం పిల్లలతో నింపించండి. నిన్న బడిలో మూత్రానికి వెళ్లగలిగావా? పోయిన వారం మాత్ర మింగావా, లేకపోతే ఎందుకు? మధ్యాహ్నం కడుపు నిండిందా? ఒంట్లో బాగాలేదని చెబితే ఎవరైనా విన్నారా? వచ్చిన జవాబులను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. అవి బాగాలేవని ప్రధానోపాధ్యాయులకు మెమోలు ఇస్తే వచ్చే ఏడాది అన్నీ బాగున్నాయనే రాసి పంపుతారు. మెమోలకు బదులు ఆ బడికి శుభ్రం చేసే మనిషిని ఇవ్వండి, ఆ మనిషికి నెలనెలా జీతం ఇవ్వండి.