రాస్ ఐలాండ్ బంగళా కథలో సగం మిగిలిపోయింది
ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, 1943 డిసెంబరులో నేతాజీ అండమాన్ వచ్చి, పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న రాస్ ఐలాండ్ అనే చిన్న దీవిలో, అంతకుముందు ఇంగ్లీషువాళ్ళ చీఫ్ కమిషనర్ ఉన్న బంగళాలో బస చేశారు కాబట్టి రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ళు ఆక్రమించుకున్న కాలం అండమాన్‌కి స్వేచ్ఛా కాలమే అన్నట్టు రాశారు. ఆయన బస చేసిన మాట, డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన మాట నిజమే, అందులో పేచీ లేదు. కానీ సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, పోర్ట్ బ్లెయిర్ దగ్గరి హంఫ్రీగంజ్‌లో 44 మంది భారతీయుల్ని గూఢచారులన్న నెపంతో జపాన్ సైనికులు కాల్చి చంపారు. అంతకు ముందే అదే నెలలో పోర్ట్ బ్లెయిర్‌లో వైద్యుడిగా ఉన్న పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులర్ జైల్లో జపాన్ వాళ్ళ చిత్రహింసలకి చనిపోయారు. ఇంగ్లీషువాళ్ళు పోయినా జైలు మాత్రం ఖాళీ కాలేదన్నమాట. మా బావగారి కుటుంబం పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడింది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పడవెక్కి రాస్‌కి వెళ్ళాం (2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, అయినా అక్కడ చాలామంది ఇంకా రాస్ అనే అంటున్నారు). బంగళాకి కప్పు లేదు, గోడల్ని మర్రిజాతి చెట్ల వేర్లు పట్టి ఉంచాయి. జెట్టీ దగ్గర జపాన్ వాళ్ళ బంకర్ మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లలు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతుంటే, హంఫ్రీగంజ్ స్మారకానికి కూడా ఓసారి తీసుకెళ్ళమని బావగారిని అడిగాను. మేం వెళ్ళేసరికి అక్కడ మేం తప్ప ఎవరూ లేరు.