సుట్టం గారికి బహిరంగ లేఖ

శనిగ్రహపు చంద్రుడు మహారాజశ్రీ సుట్టుంగ్ర్ గారికి,

శ్రీకాకుళం నుంచి నమస్కరించి రాయునది. తమరు క్షేమమని తలుస్తాను. నేను కాదు. మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమరి మూలంగా ఫ్లెక్స్ షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను.

మా అమ్మాయికి సైన్స్ ఫేర్‌లో శని చంద్రుళ్ల ఫ్లెక్స్ కావాలి. టైటాన్, రియా బాగానే పడ్డాయి. తమరి దగ్గరకొచ్చేసరికి షాపు కుర్రాడు 'సుట్టం గారు' అని కొట్టి, నేను చూసేలోపే ప్రింటు లాగేశాడు. దిద్దమంటే 'సుట్టుంగర్' చేశాడు. మళ్లీ దిద్దితే 'సుట్టుంగర'. "నోట్లోనే తిరగట్లేదు సార్, వేళ్లకేటి వస్తాది?" అన్నాడు. ఇంతలో కరెంటు పోయింది.

చివర ఆ 'ర్' దేనికండీ? తమరి పేరు వచ్చిన పాత నార్స్ భాషలో, అంటే ఒకప్పటి స్కాండినేవియా వాళ్ల భాషలో, అది ప్రథమా విభక్తి అట. మాకు మాత్రం లేదా? డు, ము, వు, లు. ఆ లెక్కన తమరు సుట్టుంగుడు. హాయిగా లేదూ? పోనీ తమరిలాగే నార్స్ కథల్లోని రాక్షసుడి పేరు పెట్టుకున్న మీ తోటి శని చంద్రుడు థ్రిమ్ సంగతి చూడండి. 2003లో పేరు పెట్టినప్పుడు ఆయనకి 'ర్' లేదు. తర్వాత ఆయనకీ తగిలించి థ్రిమ్ర్‌ని చేశారు. హాయిగా లేని అక్షరాన్ని తర్వాత తెచ్చి అతికించడమేంట్రా బాబూ! మీరెవరూ ఫ్లెక్స్ కొట్టించుకోరా?

అసలు శని ఎవరు? మా అరసవల్లి సూర్యనారాయణ స్వామికి ఛాయాదేవి కన్న కొడుకు. అలాంటి ఇంట్లో బారసాల అయితే మాకు కబురైనా లేదు. బియ్యంలో ఉంగరంతో రాయగలిగే పేరు ఒక్కటి పెట్టకూడదా? కవిత్వం తెప్పించే మధువుని దాచుకున్న రాక్షసుడి పేరు తెచ్చి తమరికి పెట్టారు. ఆ మధువు కాస్త ఈ పేరు పెట్టినవాళ్లు తాగాల్సింది.

గురుడి చంద్రుళ్లకి గెలీలియో తన పోషకుల ఇంటిపేరు పెట్టాడట, మా బస్ షెల్టర్ల మీద ఎమ్మెల్యే పేరులాగ. 2013లో ప్లూటో చంద్రుళ్ల పేర్ల కోసం జనం ఓట్లేస్తే వల్కన్ అనే రోమన్ దేవుడి పేరు మొదట వచ్చింది, పెట్టడం మాత్రం పెట్టలేదు. ఆ యవ్వారం మాకు కొత్తేం కాదు లెండి. 2025 మార్చిలో శనికి ఒక్కసారే 128 మందిని కలిపి మొత్తం 274 చేశారు. వాళ్లకప్పుడు నంబర్లే ఇచ్చారు. దయచేసి కొన్నాళ్లు అలాగే ఉంచండి, నా కూతురు పదో తరగతి దాటేదాకా.

ఇట్లు,
నాలుగు ప్రూఫులు దిద్దిన తండ్రి

తా.క.: మొదటి ఫ్లెక్స్ పారేయలేదు. మా అమ్మ పెరట్లో కట్టెల మోపు మీద కప్పింది. వాన పడితే, "ఒరే, సుట్టం గారు సరిగ్గా ఉన్నారో లేదో చూడు" అంటోంది.