పవర్ స్టీరింగ్ లేకపోవడం లోపమా?

డాంకర్‌వూర్ట్ డీ8 జీటీఓ అనే స్పోర్ట్స్ కారులో పవర్ స్టీరింగ్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేవని, ఇంత ఖరీదు పెట్టి కొనడం దండగని ఆ కారు మీద వచ్చిన వ్యాసంలో రాశారు. నేను అస్సలు ఒప్పుకోను. బండి బరువే 700 కిలోలకు అటూ ఇటూ. అంత తేలికైన కారును తిప్పడానికి మోటారు సాయం దేనికండీ? రోడ్డు మీద చిన్న గతుకు కూడా నేరుగా చేతులకు తెలుస్తుంది, దాని అందమే అది. ఈ కంపెనీ పెట్టిన యోప్ డాంకర్‌వూర్ట్ 1978లో నెదర్లాండ్స్‌లో లోటస్ సెవెన్ అనే పాత తేలికపాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు నమూనాతో మొదలుపెట్టిన పద్ధతి ఇదే: అక్కర్లేనిది తీసెయ్. ముందు చక్రాలు బాడీకి బయటే ఉంటాయి, సస్పెన్షన్ కడ్డీలు పైకే కనిపిస్తాయి. ఇక ఇంజన్! ఆడీ వాళ్ల 2.5 లీటర్ల టర్బో, ఐదు సిలిండర్లు. దాని గురించి ఒక్క ముక్కయినా రాయాల్సింది.